ఆడపిల్లల ఉత్తరాల సొరుగు

మేరమ్మకు కోపం వచ్చిందంటే కాలేజీలో ముందుగా తెలిసేది సీసాలకే. జువాలజీ ల్యాబులో గోడవారగా ఉన్న చెక్క బీరువాలో నూట ముప్పై దాకా సీసాలుండేవి. కోపం వచ్చిన రోజున ఆవిడ వాటన్నిటినీ దించి, తుడిచి, మళ్ళీ ఎక్కించేది. మూతలు బిగించే చప్పుడు పక్కనున్న బోటనీ గది దాకా వినపడేది. "ఇవాళ మేరమ్మ ఎవరి మీదో ఉంది" అని లెక్చరర్లు టీ తాగుతూ నవ్వుకునేవాళ్ళు. ఎవరి మీదో కనుక్కుందామని మాత్రం ఒక్కరూ లేచేవాళ్ళు కాదు.

తిరువూరు డిగ్రీ కాలేజీలో ఆమె అటెండరుగా చేరింది ఎనభై ఎనిమిదిలో. అంతకు ముందు భర్త రాయప్ప అదే కాలేజీకి రాత్రి కాపలాదారు. కామెర్లు ముదిరి అతను పోతే, కమిటీ పెద్దలు మూడు నెలలు తిప్పించుకుని చివరికి ల్యాబులో ఊడ్చి తుడిచే పని ఇచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. అంతవరకూ మిరపచేలల్లో కాయ కోసిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు రాదు. అయినా ఏడాది తిరిగేసరికి ఏ సీసాలో ఏ జీవముందో, దాన్ని పరీక్షలో ఏ పేరుతో రాయాలో లేబులు చూడకుండా చెప్పేది. కొత్తగా వచ్చిన లెక్చరర్లు పరీక్షకు ఏవేం పెట్టాలో ఆమెనే అడిగి తెలుసుకునేవాళ్ళు. తెలుసుకుని, పిల్లల ముందు మాత్రం "ఏయ్ మేరమ్మా, ఆ సీసా ఇటు పట్రా" అనేవాళ్ళు. ఆ "ఏయ్" దగ్గరే ఆమెకు మండేది.

రెండువేల మూడులో పెనుగొలను నుంచి గ్లోరి అనే అమ్మాయి బీఎస్సీలో చేరింది. తండ్రి జోజప్ప, తల్లి అంతోనమ్మ ఇద్దరూ కూలిపనికి వెళ్ళేవాళ్ళే. పిల్ల చూడ్డానికి గాలికి ఎగిరిపోయేలా ఉండేది గానీ, నోరు తెరిస్తే ప్రశ్నే. మొదటి ప్రాక్టికల్ రోజున అందరూ స్టార్‌ఫిష్ బొమ్మ గబగబా గీసుకుని వెళ్ళిపోతే ఆమె సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి తిప్పి చూసింది.

"ఇది బతికున్నప్పుడు ఏ రంగులో ఉంటది ఆంటీ?" అని అడిగింది.

పదిహేనేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. సీసాల్లో పోసే ఫార్మలిన్‌లో పడితే పీతైనా, పామైనా, చేపైనా ఒకటే రంగు, వెలిసిపోయిన చొక్కా రంగు. మేరమ్మకు ఆ జవాబు తెలుసు. ఏటా జనవరిలో రెండో ఏడు జువాలజీ పిల్లల్ని బందరు తీరానికి స్టడీ టూరుకు తీసుకెళ్ళేవాళ్ళు. ఆడపిల్లలకు తోడుగా మేరమ్మ కూడా వెళ్ళేది. పడవలు ఒడ్డుకు రాగానే జాలర్లు వలలు దులిపే చోట నిలబడి, వాళ్ళు పనికిరావని పారేసినవాటిని ఏరి సీసాల్లో వేసుకొచ్చేది. "నేను చూసింది నారింజ తొక్క రంగు. ఇంకోటి వంకాయ రంగు. వచ్చే ఏడు నువ్వే చూస్తావుగా" అంది.

వచ్చే ఏడు టూరు లేదు. డిసెంబరు ఆఖర్లో సునామీ వచ్చింది. జనవరిలో సముద్రం పేరెత్తడానికే ప్రిన్సిపాలు ఒప్పుకోలేదు. అందరూ కొండపల్లి వెళ్ళి బొమ్మలు చూసి వచ్చారు. జువాలజీ పిల్లలకు కొయ్య ఏనుగుల్ని చూపించి తెచ్చారని మేరమ్మ వారం రోజులు సీసాలు తుడిచింది.

ఆ కోపంలో ఉండగానే శ్రీనాథ్ సార్ ఒక పేపరు ముక్క పట్టుకొచ్చాడు. గంటల లెక్కన పాఠాలు చెప్పడానికి వచ్చిన కుర్ర లెక్చరరు. విశాఖపట్నంలో సముద్రం మీద పరిశోధన చేసే కేంద్రమొకటి, వేసవిలో ఎనిమిది వారాలు డిగ్రీ విద్యార్థుల్ని తమ దగ్గర పెట్టుకుని పని నేర్పిస్తుందట. రెండో ఏడు చదువుతున్నవాళ్ళకే. రాష్ట్రం మొత్తం మీద పన్నెండు మంది. తిండీ, వసతీ వాళ్ళవే. పొద్దున్నే పడవ మీద వెళ్ళి నీళ్ళు పట్టుకొస్తారు, ఆ నీళ్ళలో కంటికి ఆనని జీవాలను మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు, వల ఈడ్చి వచ్చినదాన్ని వచ్చినట్టే, రంగు పోకముందే, రాసిపెట్టుకుంటారు. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారని ఆయన చెప్పాడు. మేరమ్మ నోటికి ఆ పేరు తిరగలేదు. సముద్రం పని అంది. అదే నిలిచింది.

ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక పేజీ రాయమన్నారు. గ్లోరి నాలుగుసార్లు రాసి చింపి, ఐదోసారి రాసింది. సీసాల్లో అన్నీ ఒకే రంగులో ఉన్నాయనీ, అవి ఉండాల్సిన రంగులో చూడాలనుందనీ, తన క్లాసులో ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరూ సముద్రం చూడలేదనీ రాసింది. శ్రీనాథ్ సార్ అందులో తప్పులు దిద్దాడు గానీ మాటలు మార్చలేదు. జవాబు ఏ చిరునామాకు రావాలన్న దగ్గర కాసేపు తటపటాయించారు. పెనుగొలనులో పోస్టుమాను ఉత్తరాలన్నీ కొట్టు దగ్గర పడేసి పోతాడు, ఆ తర్వాత ఎవరికి దొరికితే వాళ్ళవి. "కాలేజీ చిరునామా రాయి, క్షేమంగా ఉంటుంది" అన్నాడాయన. ఫిబ్రవరి ఆఖర్లో ఆయనకు నెల్లూరు వైపు జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేరోజు ల్యాబుకొచ్చి, ఉత్తరం వస్తే ఆ పిల్లకు వెంటనే చెప్పమనీ, ఒప్పుకుంటున్నట్టు తిరుగు టపాలో రాయకపోతే సీటు పోతుందనీ మేరమ్మకు మరీ మరీ చెప్పాడు.

"నేను చూస్తాన్లెండి సార్" అంది మేరమ్మ. గ్లోరికీ అదే మాట చెప్పింది.

చూసింది కూడా. పోస్టు వచ్చేది పదకొండింటికి. పదకొండుంపావుకల్లా ఆఫీసు వరండాలో నోటీసు బోర్డు పక్కనున్న ఇనప గ్రిల్లు దగ్గర నిలబడేది. విద్యార్థుల ఉత్తరాలు ఆ గ్రిల్లు ఊచల మధ్య గుచ్చిపెట్టేవాళ్ళు. పేర్లు కూడబలుక్కుంటూ ఒక్కొక్కటీ తిరగేసేది. ఇంగ్లీషులో ఉన్నవి ఎవరిచేతైనా చదివించేది. మార్చి అంతా చూసింది. ఏప్రిల్లో పిల్లలకు చదువుకునే సెలవులిచ్చినా, పదిహేను దాకా, పోస్టు రాని రోజు తప్పిస్తే, ఒక్క రోజు మానలేదు. గ్లోరి పేరుతో ఉత్తరం రాలేదు.

ఏప్రిల్ పద్దెనిమిది సోమవారం ప్రాక్టికల్ పరీక్షలు మొదలయ్యాయి. మొదటి బ్యాచ్‌లో గ్లోరి రాలేదు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు పేరు మూడుసార్లు పిలిచి గైరుహాజరు వేయబోతుంటే, మేరమ్మ అడ్డుపడి ఆ పిల్ల రేపటి బ్యాచ్‌లో వస్తుందని తన సొంత పూచీ మీద చెప్పింది. ఆనక గ్లోరి క్లాసు పిల్లలను నిలదీసింది. చివరికి అపూర్వ అనే పిల్ల తల వంచుకుని, గ్లోరికి కాలేజీకి ఏదో ఉత్తరం వచ్చిందట ఆంటీ, వాళ్ళ నాన్న మాన్పించేశాడట అంది.

మేరమ్మ చేతిలో ఉన్న ట్రేని బల్ల మీద పెట్టేసింది.

ఆ కాలేజీలో ఒక కట్టుబాటు ఉండేది. తొంభై ఒకటిలో ఒక అమ్మాయి కాలేజీకి వచ్చిన ఉత్తరం అందుకుని, అటునుంచి అటే ఎవరితోనో వెళ్ళిపోయింది. ఆమె తండ్రి వచ్చి ఆఫీసు ముందు నేల మీద కూలబడి ఏడ్చాడు. అది చూసిన సూపరింటెండెంటు దత్తాత్రేయులు ఆ నెలలోనే కమిటీని ఒప్పించి ఒక పద్ధతి పెట్టాడు. మగపిల్లల ఉత్తరాలు గ్రిల్లుకు పోతాయి. ఆడపిల్లల పేరుతో వచ్చినవి మాత్రం ఆయన బల్ల సొరుగులోకి వెళతాయి. తండ్రికో అన్నకో కబురు వెళుతుంది. వాళ్ళొచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. ఎక్కడా నోటీసు లేదు. ఆడపిల్లలకు తెలియదు. తమదాకా వచ్చినవాళ్ళకే తెలిసేది, వాళ్ళు మళ్ళీ కాలేజీకి వచ్చి చెప్పేవాళ్ళు కాదు. దత్తాత్రేయులు దుర్మార్గుడేం కాదు. ఆ ఉత్తరాల్లో ఒక్కదాన్నీ ఆయన విప్పి చూడలేదు. అదే ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. "పరాయి ఆడపిల్ల ఉత్తరం చదివే పాపం నాకొద్దు. కన్నవాళ్ళ చేతిలో పెడతా, అంతే" అనేవాడు.

ఇదంతా మేరమ్మకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా తెలుసు. ఆ సొరుగున్న బల్లను రోజూ పొద్దున్నే తుడిచేది ఆమే. తెలిసి కూడా గ్రిల్లు దగ్గర నిలబడింది. ఆ సొరుగు అలాంటి ప్రేమ ఉత్తరాల కోసమని ఆమె మనసులో ముద్రపడిపోయింది. సముద్రం పని ఉత్తరం కూడా ఆడపిల్ల పేరు మీదే వస్తుందనీ, ఆ సొరుగుకు రెండూ ఒకటేననీ తట్టలేదు. గుడ్డ పట్టుకుని దాని మీద చెయ్యి తిప్పిన రోజులన్నీ ఆ ఉత్తరం లోపలే ఉందన్నమాట.

సాయంత్రం ఆటో ఎక్కి పెనుగొలను వెళ్ళింది. జోజప్ప ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు గానీ రమ్మనలేదు.

"పరీక్షకు ఎందుకు పంపలేదు జోజప్పా?"

"పంపను అక్కా. చదివింది చాలు."

"ఎందుకు చాలు?"

అతను మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఈ నెల మొదట్లో, ఊళ్ళో అందరూ ఉండగా, పవనకుమార్ అనే ఫైనలియర్ కుర్రాడు బండి మీద వచ్చి, ఇంజను ఆపకుండానే, నీ కూతురికి కాలేజీకి ఉత్తరం వచ్చింది, పెద్దమనిషిని తోడు తీసుకుని వచ్చి పట్టుకుపొమ్మన్నారు అని కేకేసి పోయాడు. ఆ మాటకు అర్థమేంటో ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. జోజప్ప వెళ్ళలేదు. ఆ కాయితాన్ని చూడకుండానే చించెయ్యమని తిరుగు కబురు చేశాడు. కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడ్డం మానేశాడు. ఇవాళ్టికి పదహారు రోజులు.

"అందులో ఏముందో చూశావా?"

"చూసేదేముందక్కా. ఆడపిల్లకి కాలేజీకి ఉత్తరం ఎవడు రాస్తాడు?"

లోపల మిరపకాయల తొడిమలు తీస్తున్న గ్లోరి ఆ మాట విని గుమ్మంలోకి వచ్చింది. చేతులు మణికట్టుదాకా ఎర్రగా ఉన్నాయి. కాలేజీకి వెళ్ళొద్దని తండ్రి అన్నాడే తప్ప ఎందుకో ఆమెకెవ్వరూ చెప్పలేదు. "ఏ ఉత్తరం?" అంది. అని, మేరమ్మ ముఖం చూసింది. ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

"నువ్వు చూస్తానన్నావుగా ఆంటీ" అంది, గొంతు పెంచకుండానే.

మేరమ్మ తన మీది కోపమంతా జోజప్ప మీదికి తిప్పింది. నీ కూతురు మూడు నెలల కిందట రాష్ట్రంలో పన్నెండు మందిలో ఒకదాన్నవుతానని కాయితం పెట్టుకుంది, నువ్వు దాన్ని తొడిమలు తియ్యడానికి కూర్చోబెట్టావు అని మొదలుపెట్టి, నోటికొచ్చిందల్లా అంది. అంతోనమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి నిలబడి, అడ్డు చెప్పకుండా, ఒక్కొక్క మాటకీ తల ఊపుతూ విన్నది. చివరికి జోజప్ప, రేపు నేనొస్తానక్కా, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా అన్నాడు.

మర్నాడు గ్లోరి రెండో బ్యాచ్‌లో పరీక్ష రాసింది. పది సీసాలు పెడితే పదీ చెప్పింది. పన్నెండింటికి ముగ్గురూ ఆఫీసుకెళ్ళారు. ప్రిన్సిపాలు పేపర్లు దిద్దడానికి వెళ్ళి ఊళ్ళో లేడు. దత్తాత్రేయులు జోజప్పను చూసి, ఇన్నాళ్ళకు వచ్చావా అని మందలించి, రిజిస్టరు తీసి సంతకం పెట్టించుకున్నాడు. చించెయ్యమని కబురొచ్చింది గానీ పరాయివాళ్ళ ఉత్తరం చించడం తన పద్ధతి కాదన్నాడు. సొరుగు లాగి పొడుగాటి కవరు తీసి తండ్రి చేతిలో పెట్టాడు. కవరు మీద పడవా, అలలూ ఉన్న ముద్ర కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఎక్కడి నుంచి వచ్చిందో చదువుకున్నవాడు ఎవడైనా అరక్షణంలో చెప్పగలడు.

జోజప్ప దాన్ని కూతురికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది. తర్వాత తెలుగులో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఎంపికయ్యాను. మే రెండున చేరాలి. ఒప్పుకుంటున్నట్టు ఏప్రిల్ పదిహేనులోగా తెలపాలి. తెలపకపోతే సీటు తర్వాతివాళ్ళకు ఇస్తారు.

గోడ మీది క్యాలెండరు పంతొమ్మిది చూపిస్తోంది. రిజిస్టరులో ఆ ఉత్తరం అందిన తేదీ, దత్తాత్రేయులు అందమైన చేతిరాతలో, మార్చి ముప్పై.

"అయ్యో" అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. వెంటనే, "కబురు చేశానుగా మరి. రాకపోతే నేనేం చేసేది" అని కూడా అన్నాడు.

"ఫోను చెయ్యండి" అంది మేరమ్మ.

ప్రిన్సిపాలు లేకుండా ఫోనుకున్న ఎస్టీడీ తాళం తియ్యకూడదన్నాడు. ఆ తాళంచెవి దత్తాత్రేయులు జంధ్యానికే ఉంటుందని కాలేజీలో అందరికీ తెలుసు. మేరమ్మ కదల్లేదు. ఆయన చేత తాళం తీయించింది. కవరు మీదున్న నంబరు గ్లోరి చదువుతుంటే ఆయన తిప్పాడు. అవతల ఎవరో మేడమ్ పలికింది. దత్తాత్రేయులు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మేరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె గ్లోరి ముఖం చూస్తూ నిలబడింది. ఆ ముఖం ఒక్కసారిగా ఆయనవైపు తిరిగింది. మరుక్షణం గ్లోరి బల్ల మీదికి వంగి ఆయన చేతిలోంచి రిసీవరు లాక్కుంది.

ఆమెకు వచ్చిన ఇంగ్లీషు రెండు వాక్యాలకే అయిపోయింది. మూడోది తెలుగులోకి వచ్చేసింది.

"మా నాన్న ఒప్పుకోకపోవడం కాదు మేడమ్. ఆయన చెప్పేది అబద్ధం. ఉత్తరం నాకివ్వలేదు. ఆడపిల్లనని ఇవ్వలేదు. ఇరవై రోజులు ఇక్కడ, ఈ సొరుగులో పెట్టుకున్నారు."

తర్వాత చాలాసేపు వింది. "అవునండి" అంది. "తెలుసండి" అంది. "థాంక్సండి" అని పెట్టేసింది.

సీటు శనివారం పొద్దున వెయిటింగ్ లిస్టులో మొదటివాళ్ళకు ఇచ్చేశారు. శుక్రవారం సాయంత్రం దాకా ఆ మేడమ్ ఎదురుచూసిందట. గ్లోరి రాసిన పేజీ ఆమెకు గుర్తుందట. వచ్చే ఏడాది పెట్టుకోవడానికి లేదు, అప్పటికి గ్లోరి మూడో ఏడు. రెండో ఏడు వాళ్ళకే ఇస్తారు.

"ఆయన ఏమన్నాడు ఇంగ్లీషులో?" అని మేరమ్మ అడిగింది.

"మా నాన్న చదువులేనివాడట. సముద్రమంటే భయపడి నన్ను పంపనన్నాడట. ఇవాళే మనసు మార్చుకున్నాడట."

ఉత్తరం కూతురి చేతికిచ్చాక జోజప్ప గుమ్మం బయటికి వెళ్ళి నిలబడి ఉన్నాడు. లోపలికి ఒక్క అడుగు వేశాడు.

"నేను భయపడ్డానని చెప్పారా అయ్యగారూ?"

"ఏదో ఒకటి చెప్పాలి కదయ్యా. కాలేజీ పరువు ఉంటుంది" అన్నాడు దత్తాత్రేయులు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మేరమ్మ ఆయన కుర్చీ పక్కకు వెళ్ళి సొరుగును బయటికంటా లాగి బల్ల మీద బోర్లించింది. గుండుసూదులు, లక్క ముక్కలు, వాటి మధ్య ఉత్తరాలు. తండ్రులు రానివి, కబురు అందనివి, సిగ్గుపడి వదిలేసినవి. తొమ్మిది. అన్నిటికంటే పాతదాని మీద పోస్టు ముద్ర తొంభై ఆరు. అన్నీ ఏరి చీర కొంగులో వేసుకుంది.

"మేరమ్మా, అవి ఆఫీసువి" అని లేచాడాయన.

"కావు. ఒక్కదాని మీదైనా మీ పేరుంటే చూపించండి, ఇచ్చేస్తా."

ఆ వేసవి సెలవుల్లో ఆమె చేసిన పని అదే. అడ్రసులు గ్లోరి చేత చదివించుకుంది. పొద్దున్నే ఆటో ఎక్కి గంపలగూడెం వైపో, ఎ.కొండూరు వైపో వెళ్ళేది. ఆ అమ్మాయిల్లో చాలామంది పెళ్ళిళ్ళై వేరే ఊళ్ళకు పోయారు. అడిగి అడిగి వెళ్ళేది. తొమ్మిదింటిలో నిజంగా అలాంటి ఉత్తరం ఒక్కటే. అది అందుకున్నావిడ ఇద్దరు పిల్లల తల్లి. చదివి పడీ పడీ నవ్వింది. "వీడా. వీడికి ఇంత ధైర్యం ఉందని అప్పుడు తెలిస్తే ఇంకో నాలుగు తిట్టేదాన్ని" అంది. మిగతా వాటిలో ఒకటి అమ్మమ్మ రాసింది. ఒకటి బ్యాంకు పరీక్ష హాల్ టికెట్టు.

ఎ.కొండూరు దగ్గర సుబ్బలక్ష్మి అనే ఆమెకు వచ్చింది టీచర్ ట్రైనింగు ఇంటర్వ్యూ కార్డు, తొంభై తొమ్మిది నాటిది. ఆమె అత్త హనుమాయమ్మ, ఏంటమ్మా ఆ కాయితం అని అడుగుతూనే ఉంది. సుబ్బలక్ష్మి రెండుసార్లు చదువుకుని మడిచింది. "నాకు కార్డు పంపలేదని ఇన్నేళ్ళూ వాళ్ళని తిట్టుకున్నాను" అంది. తర్వాత మేరమ్మ కళ్ళలోకి చూసి, "ఇప్పుడెందుకు తెచ్చావు? ఎవరి కోసం తెచ్చావు?" అంది. మంచినీళ్ళు ఇవ్వలేదు. కూర్చోమనలేదు. ఆ ఎండలో ఆటో దొరికేదాకా మేరమ్మ రోడ్డు మీద నిలబడింది. ఆమె తిట్టినదానికంటే తిట్టకుండా వదిలినది ఎక్కువ మండింది.

మే మూడో వారంలో మెమో వచ్చింది. సూపరింటెండెంటు అధీనంలో ఉన్న ఉత్తరాలను దౌర్జన్యంగా తీసుకుపోయినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలట. క్షమాపణ రాసిస్తే సరిపోతుందని కమిటీలో ఒకాయన మనిషి చేత చెప్పించాడు. చేతులు జోడించి నాలుగు ముక్కలు రాయి మేరమ్మా, పదిహేడేళ్ళ సర్వీసు పాడుచేసుకోకు అన్నాడు.

ఆమె గ్లోరిని పిలిపించింది. గ్లోరి మధ్యాహ్నం వచ్చింది. సముద్రం మీద పడవ ఎక్కాల్సిన రోజుల్లో ఆమె తల్లితో కలిసి గోడౌనులో తొడిమలు తీస్తోంది. కళ్ళు ఇంకా మండుతున్నట్టున్నాయి, చేత్తో ముట్టుకోకుండా భుజానికి రుద్దుకుంటోంది. మేరమ్మ ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని కాయితం తీసుకుంది.

మేరమ్మ చెప్పింది, ఆమె రాసింది. ఉత్తరాలు తీసుకున్న మాట నిజం. తొమ్మిదింటినీ ఎవరివి వాళ్ళకు ఇచ్చాను. క్షమాపణ చెప్పను. గ్లోరి అనే విద్యార్థినికి వచ్చిన సీటు ఈ సొరుగు వల్ల పోయింది. పోయినట్టు కమిటీవారు ఒప్పుకుని రాసివ్వాలి. ఇకమీదట ఆడపిల్లల ఉత్తరాలు గ్రిల్లుకే పెట్టాలి.

అంతదాకా గ్లోరి కలం ఆగకుండా నడిచింది. మేరమ్మ కొంచెం ఆగి, "ఇంకోటి రాయి" అంది.

"బైకుల కుర్రాళ్ళు రాకముందు ఈ కబుర్లు ఊళ్ళకు మోసింది నేనే అని రాయి. సూపరింటెండెంటు గారు చెప్తే ఆటో ఎక్కి వెళ్ళి, నీ కూతురికి ఉత్తరం వచ్చింది అని తండ్రులకు చెప్పింది నేనే. మంచి పని చేస్తున్నాననుకునే చేశాను. అది కూడా రాయి."

కలం ఆగింది. గ్లోరి తలెత్తి చూసింది. జోజప్ప తనతో మాట్లాడని పదహారు రోజులూ ఆ చూపులో ఉన్నాయి. మేరమ్మ ముఖం తిప్పుకోలేదు.

"వాళ్ళని మాన్పించారా?"

"మాన్పించారు. ఒక్కరూ తిరిగి రాలేదు."

"ఉత్తరాల్లో ఏముందో తెలుసా నీకు?"

"తెలియదు. నేనెప్పుడూ అడగలేదు."

"ఎంతమంది?"

"ఆరుగురు."

ఓదారుస్తుందనీ, అప్పటి రోజులు వేరులే ఆంటీ అంటుందనీ మేరమ్మ ఎక్కడో ఒక మూల ఆశపడింది. గ్లోరి అలాంటిదేమీ అనలేదు. మేరమ్మ చెప్పినదాన్ని చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా రాసింది. రాసి, కింద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసింది.

"పేర్లు చెప్పు" అంది.

మేరమ్మ చెప్పింది. మొదటి మూడూ తడుముకోకుండా వచ్చాయి. నాలుగోదానికి ఊరు ముందు గుర్తొచ్చి, తర్వాత పేరు వచ్చింది. ఐదో పేరు వేళ్ళ మీద ఊళ్ళు లెక్కపెట్టుకుంటూ చెప్పింది. ఆరోది రాలేదు. ఇల్లు గుర్తుంది. దడి మీద బీరపాదు గుర్తుంది. తను ఆ మాట చెప్పగానే ఆ తండ్రి భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలపడం గుర్తుంది. లోపల నుంచి ఎవరే వచ్చింది అని అడిగిన పిల్ల గొంతు గుర్తుంది. పేరు మాత్రం ఎంత వెతికినా చిక్కలేదు.

"రావట్లేదు. ఆ ఒక్కటీ వదిలెయ్యి గ్లోరీ" అంది.

గ్లోరి కలం కాయితం మీంచి తియ్యలేదు.

"ఆలోచించు. ఎంతసేపైనా కూర్చుంటా" అంది. "ఈ వేసవికి నాకు వేరే పనేం లేదుగా."